మా వాడిది బద్ధకమా, ఇంకేమైనానా? ఈ వయసు పిల్లలు అసలు దేనికి కదులుతారో చెప్పండి

నిద్రపట్టని_నాన్న · రాత్రి 11:48

అందరికీ నమస్కారం. చాలా రోజుల్నుంచి ఇక్కడ చదువుతున్నానే గానీ ఎప్పుడూ రాయలేదు, ఇవాళ మనసు ఆగక రాస్తున్నా. మా అబ్బాయికి 22 ఏళ్ళు. డిగ్రీ అయిపోయి 14 నెలలైంది. పొద్దున 11 దాకా లేవడు, లేస్తే ఫోను, అన్నం తిని మళ్ళీ మంచం. రాత్రి మాత్రం 3 దాకా గదిలో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఏం చేద్దామనుకుంటున్నావ్ రా అంటే "తెలీదు నాన్నా" అంటాడు, అంతే, ఆ పైన ఒక్క ముక్క రాదు. చిన్నప్పుడు వీడు ఇలా లేడండి. ఆరేళ్ళప్పుడే ఇంట్లో పాత రేడియో విప్పి మళ్ళీ బిగించాడు, రెండు స్క్రూలు మిగిలాయని రాత్రంతా ఏడ్చాడు. ఆ పిల్లాడు ఎక్కడికి పోయాడా అని చూస్తుంటా.

తిట్టాను, బతిమాలాను, ఉద్యోగం వస్తే బండి కొనిస్తానన్నాను. పక్కింటి అమ్మాయిది వీడి వయసే, ఒకపక్క చదువుతూ ఇంకోపక్క పని చేస్తోంది, ఆ పిల్లని చూపించి నాలుగు మాటలు అన్నాను కూడా. ఏదీ పని చెయ్యలేదు. ఒకే వయసు, ఒకే రకం చదువు, ఒకళ్ళు పరిగెడతారు ఒకళ్ళు పడుకుంటారు, ఎందుకండీ? ఇది స్వభావమా, మా పెంపకంలో లోపమా, తెలిసినవాళ్ళు చెప్పండి.

సూటిమాట · రాత్రి 11:59

అన్నా, ఏమనుకోవద్దు, ఉన్నమాట చెప్తా. అన్నం గదిలోకే వస్తోంది, ఫోను బిల్లు మీరే కడుతున్నారు, ఇంక వాడు ఎందుకు లేస్తాడు? నేనూ ఇరవయ్యో ఏట అట్లాగే ఉన్నా. మా నాన్న ఒకరోజు పిలిచి రేపట్నుంచి నీకు రూపాయి ఇవ్వను అన్నాడు. వారం తిరిగేసరికి పనిలో ఉన్నా. అవసరం లేనివాడికి ఆశయం ఎక్కడ్నుంచి వస్తుంది? మూడు నెలలు గట్టిగా ఉండండి, దారికి వస్తాడు. ముద్దు చేసి మనమే పాడు చేస్తున్నాం పిల్లల్ని.

గోడవైపు · రాత్రి 12:31

అంకుల్, నాకు 24. మీ అబ్బాయిలాగే 16 నెలలు ఉన్నా, అందుకే నిద్ర ఆపుకుని రాస్తున్నా. బయటనుంచి చూసేవాళ్ళకి అది సుఖంగా పడుకోవడంలా కనపడుతుంది. కాదంకుల్. కళ్ళు తెరవగానే మొట్టమొదట వచ్చే ఆలోచన ఆలస్యం అయిపోయింది అని, దేనికి ఆలస్యమో తెలీదు కానీ అయిపోయింది అని మాత్రం గట్టిగా అనిపిస్తుంది, ఇంక ఆ రోజు పోయినట్టే కదా అని మళ్ళీ కళ్ళు మూసుకోవడం. నేను 63 చోట్ల అప్లై చేశా. రెండు చోట్ల నుంచి జవాబొచ్చింది, రెండూ కాదనే. మిగతా 61 చోట్ల కనీసం కాదు అని చెప్పినవాళ్ళు కూడా లేరు. ఆ తర్వాత లాప్‌టాప్ మూత మీద చెయ్యి పెట్టి అట్లా కూర్చునేవాణ్ణి, తెరవడానికి చేతులొచ్చేవి కావు. ఒక్కోసారి పావుగంట. తర్వాత చెయ్యి తీసేసి ఫోను పట్టుకునేవాణ్ణి.

నాన్న అడుగుల చప్పుడు వినపడితే గోడవైపు తిరిగి నిద్ర నటించేవాణ్ణి. ఆయన గుమ్మం దగ్గర కాసేపు ఆగేవారు, ఆయన ఊపిరి కూడా వినపడేది, అప్పుడు లేచి ఏదో ఒకటి మాట్లాడాలని ఎంత అనిపించేదో, కానీ లేస్తే ఆ ప్రశ్న వస్తుంది కదా, ఏం చేద్దామనుకుంటున్నావ్ అని. మీకది మామూలు ప్రశ్న అంకుల్, మాకు మాత్రం రోజూ తప్పే పరీక్ష అది.

సూటిమాట గారూ, నాకూ డబ్బులు ఆపేశారు. నేను తినడం తగ్గించా, అంతే, లేవలేదు.

చాక్‌పీస్_టీచర్ · ఉదయం 6:10

పొద్దున్నే చదివాను, గోడవైపు తమ్ముడూ నువ్వు రాసింది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నేను 19 ఏళ్ళుగా పాఠాలు చెప్తున్నా. బద్ధకం అని మనం పేరు పెట్టేదాంట్లో నిజంగా బద్ధకం ఉండేది చాలా తక్కువ అని నాకు రాన్రాను తెలిసొచ్చింది.

దీనిమీద మనస్తత్వశాస్త్రంలో ఒక పాత ప్రయోగం ఉంది, క్రూరమైనదే కానీ చెప్పుకోవాలి. 1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మైయర్ అని ఇద్దరు అమెరికాలో కుక్కల మీద చేశారు. కొన్ని కుక్కలకి కరెంటు షాకు తగులుతుంది, అవి ఏం చేసినా అది ఆగదు. తర్వాత వాటిని చిన్న అడ్డు ఉన్న పెట్టెలో పెట్టారు, ఈసారి అడ్డు దూకితే చాలు షాకు తప్పుతుంది. చాలా కుక్కలు దూకలేదు, అక్కడే పడుకుని మూలుగుతూ ఉండిపోయాయి. నేర్చుకున్న నిస్సహాయత అని దానికి పేరు పెట్టారు. ఏళ్ళు గడిచాక 2016లో వాళ్ళిద్దరే మేం చెప్పింది తిరగేసి చెప్పాలి అని రాశారు. కష్టం ఎడతెగకుండా ఉంటే చతికిలపడటం ప్రాణికి పుట్టుకతో వచ్చిందేనట, నేర్చుకునేది అది కాదట. నేను చేస్తే మారుతుంది అన్నదే నేర్చుకోవాల్సిందట. అంటే నాన్నగారూ, పక్కింటి అమ్మాయికి అది నేర్చుకునే అవకాశం ఎక్కడో దొరికుంటుంది, మీ వాడు ఒకప్పుడు నేర్చుకుని ఈమధ్య పోగొట్టుకుని ఉంటాడు. రేడియో విప్పి బిగించిన పిల్లాడికి అది తెలియకుండా ఉండదు.

సూటిమాట · ఉదయం 8:25

టీచర్ గారూ గౌరవంగానే చెప్తున్నా, కుక్కలు వేరు మనుషులు వేరు. ప్రతిదానికీ ఒక మానసిక కారణం వెతుకుతూ పోతే వాడికి అది ఇంకో సాకు అవుతుంది. నేను నిస్సహాయుణ్ణి నాన్నా అంటాడు రేపు. పని లేకుండా కూర్చుంటే ఎవడికైనా ఆలోచనలు పురుగుల్లా తొలుస్తాయి, ముందు లేపి పనిలో పెట్టండి, ఆలోచనలు వాటంతటవే సర్దుకుంటాయి.

పాత_లైబ్రరీ · ఉదయం 9:40

సూటిమాట గారు అన్న చివరి మాటలో నిజం ఉంది, పని లేకపోతే మనిషికి ఏమవుతుందో చూపించే ఒక గ్రామం కథ చెప్తాను. ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో మారియెంతాల్ అని ఒక ఊరు. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1929లో ఆర్థికమాంద్యం వచ్చాక మిల్లు మూతపడింది, దాదాపు ఊరు ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు అక్కడికి వెళ్ళి అన్నీ లెక్కకట్టి 1933లో పుస్తకం వేశారు.

ఖాళీ దొరికింది కాబట్టి జనం ఎక్కువ చదువుతారు, ఎక్కువ తిరుగుతారు అనుకుంటాం కదా. లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్ళడం రెండేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది, రుసుము ఎత్తేసినా సరే. మగవాళ్ళు వీధిలో నడుస్తుంటే వాచీ పట్టుకుని గమనించారు, నాలుగడుగులు వేసి ఆగడం, మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ ఆగడం. చేతికి గడియారం పెట్టుకోవడం కూడా చాలామంది మానేశారు. ఆడవాళ్ళు మాత్రం అలా ఆగలేదు, ఇల్లు వాకిలి పిల్లలు వాళ్ళకోసం ఎదురుచూస్తున్నాయి కాబట్టి.

నన్ను బాగా పట్టుకున్నది ఇదే. ఆ మగవాళ్ళు అంతకు ముందు రోజూ మిల్లులో ఒళ్ళు వంచి పనిచేసినవాళ్ళే, ఒక్క ఏడాదిలో సోమరులు అయిపోతారా? వాళ్ళకోసం ఎక్కడా ఏదీ ఎదురుచూడటం మానేసింది, కాళ్ళు ఆగిపోయాయి. పోనీ వాళ్ళకి ఆకలి లేదా అంటే బోలెడంత ఉంది. ఆకలొక్కటే మనిషిని లేపుతుందంటే ఆ ఊరు లేచి పరిగెత్తాలి కదా సూటిమాట గారూ.

రాత్రి_డ్యూటీ · మధ్యాహ్నం 2:15

నేను నర్సుని, 27. మీరు పక్కింటి అమ్మాయి అని రాశారు చూడండి, అంకుల్, అలాంటి అమ్మాయిని నేను. మా వీధిలో తల్లిదండ్రులందరూ నన్ను చూపించే వాళ్ళ పిల్లల్ని తిట్టేవాళ్ళు. ఎప్పుడూ ఫస్టే. కానీ నన్ను పరిగెత్తించింది ఆశయం కాదండి, భయం. అమ్మకి ఆరోగ్యం బాగోక నాకు పద్నాలుగేళ్ళప్పటినుంచి ఆగితే ఇల్లు కూలిపోతుందేమో అన్నట్టు పరిగెత్తా. చదువైంది, ఉద్యోగమొచ్చింది, అప్పులు తీరాయి, అప్పుడొక ఆదివారం సెలవు దొరికితే ఏం చెయ్యాలో తెలీక మంచం అంచున కూర్చుని ఏడ్చా. నీకేమిష్టం అని అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

పరుగు వేరు, ఎటు పోవాలో తెలియడం వేరు. ఇప్పుడు నాకు కొంచెం తెలుసనుకుంటా. రాత్రి డ్యూటీలో మూడింటికి ఒక పెద్దాయనకి ఊపిరి అందక కంగారు పడుతుంటే తలగడ ఎత్తుగా పెట్టి, ఆక్సిజన్ సరిచూసి, డాక్టరుకి చెప్పి పక్కనే నిలబడ్డా. కాసేపటికి నా చెయ్యి పట్టుకున్న ఆయన వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఏమీ అనలేదు, నిద్రపోయారు. ఆ పూట నాకు అలసటే రాలేదు.

ఇంకోటి, ఇది ముఖ్యం. మీ అబ్బాయి స్నానం మానేశాడా, ఆకలి పోయిందా, ఇదివరకు ఇష్టపడినవి కూడా ఇప్పుడు అక్కర్లేదంటున్నాడా, బతికి ఏం లాభం లాంటి మాట ఎప్పుడైనా అన్నాడా? మొదట చెప్పినవాటిలో ఏదైనా రెండు వారాలకి మించి ఉంటే డాక్టర్ని కలవండి. ఆ చివరి మాట ఒక్కసారి అన్నా సరే, ఆ రోజే తీసుకెళ్ళండి. డిప్రెషన్‌ని బద్ధకం అనుకుని తిట్టిన ఇళ్ళు నేను వార్డులో చూస్తుంటాను.

నిద్రపట్టని_నాన్న · సాయంత్రం 6:50

అమ్మా, చదివి గుండె ఆగినంత పనైంది. వెంటనే వాళ్ళమ్మని అడిగాను. స్నానం చేస్తున్నాడు, తింటున్నాడు, చెల్లెలితో నవ్వుతూ మాట్లాడుతున్నాడట, నా దగ్గరే మాట్లాడటం లేదు. రాత్రిపూట ఏదో ఆడియో పని చేస్తుంటాడని చెల్లెలు చెప్పింది. నాకు ఆ సంగతే తెలీదు. ఆటలాడుతున్నాడనుకున్నా.

కోడ్_పిల్లోడు · రాత్రి 8:05

నాకు 19. ఆటల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, పెద్దవాళ్ళు ఆటల్ని తిడతారు గానీ అందులో ఏముందో ఒక్కసారి చూడండి. దెబ్బ కొడితే తగిలిందో లేదో ఆ క్షణమే తెలుస్తుంది. ఓడిపోతే మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఓడిన సంగతి చుట్టాలకి తెలీదు. నిన్నటికన్నా ఇవాళ ఎంత మెరుగయ్యానో కళ్ళముందు కనపడుతుంది. కాలేజీలో ఇవేవీ ఉండవు, ఆరు నెలలు చదివితే ఒక నంబరు వస్తుంది, ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పరు.

రీల్స్ సంగతి మాత్రం వేరే, దాన్ని నేను వెనకేసుకురాను. వోల్ఫ్రామ్ షుల్ట్‌జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఎప్పుడు స్పందిస్తాయో చూశాడు. అనుకోకుండా పళ్ళరసం దొరికితే కణాలు గట్టిగా స్పందించాయి. రోజూ లైటు వెలిగాక రసం వస్తుందని అలవాటయ్యాక లైటుకే స్పందించాయి, రసానికి కాదు. లైటు వెలిగి రసం రాకపోతే ఆ కణాల స్పందన మామూలుకన్నా కిందికి పడిపోయింది. వేలితో తోస్తూ పోతుంటే తర్వాత ఏమొస్తుందో తెలీదు కదా, అందుకే ఆ వేలు ఆగదు. తీరా గంట అయ్యాక ఏం చూశావంటే ఒక్కటీ గుర్తుండదు. నేను పోయినేడు అట్లా చాలా రాత్రులు పోగొట్టుకున్నా, అది ఇప్పటికీ బాధే.

చిత్రిక · రాత్రి 9:30

నేను వడ్రంగిని, 51 ఏళ్ళు. పెద్ద చదువు లేదు, తప్పులుంటే సర్దుకోండి. నా దగ్గరికి ఇప్పటికి పదకొండు మంది కుర్రాళ్ళు పని నేర్చుకోడానికి వచ్చారు, అందులో నలుగురు ఇంట్లోవాళ్ళు ఇక వీడు దేనికీ పనికిరాడని తెచ్చి వదిలేసినోళ్ళే.

ఒకడి గురించి చెప్తా. పద్దెనిమిదేళ్ళు. వచ్చిన కొత్తలో నేలకేసే చూసేవాడు. ఉలి ఇవ్వరా అంటే ఇచ్చేవాడు, లేకపోతే గోడకి ఆనుకుని నిలబడేవాడు. ఒకరోజు ఒక ఇంట్లో తలుపు పట్టేస్తోందని కబురొస్తే వాణ్ణి తీసుకెళ్ళా. కిందివైపు నేలకి రాసుకుంటోంది. తలుపు ఊడదీసి అడ్డంగా పెట్టి, రాసుకున్నచోట పెన్సిలు గీత గీసి, చిత్రిక వాడి చేతికిచ్చి నేను బయటికొచ్చా. లోపల్నుంచి చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత చర్ర్ మని ఒక పట్టు, మళ్ళీ ఆగడం. చిత్రిక పట్టేటప్పుడు కర్ర పేడు, అంటే చెక్కలోని నార, తిరిగివున్న వైపుకే తొయ్యాలి, ఎదురు తోస్తే పెళ్ళలు లేస్తాయి. వాడు ఎదురే తోశాడు, పెళ్ళ లేచింది. వాడి మొహం చూడాలి మీరు. నేను తిడతానని భుజాలు దగ్గరికి తీసుకుని నిలబడ్డాడు.

నేనేమీ అనలేదు. చెక్కమీద చెయ్యి పెట్టించి ఇటు నిమిరించా, అటు నిమిరించా. ఒకవైపు నున్నగా జారుతుంది, ఇంకోవైపు గుచ్చుకుంటుంది. ఏ వైపు తొయ్యాలిరా అన్నా. చూపించాడు. అయితే తొయ్యి అన్నా. తోశాడు. చుట్టలు చుట్టలుగా పొర లేచింది, పొడుగ్గా, పల్చగా, అవతలి వెలుతురు కనపడేంత పల్చగా. తలుపు బిగించాం. వాడే మూశాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఆ ఇంటావిడ వచ్చి తను ఒకసారి వేసి చూసి, ఇన్నాళ్ళూ భుజంతో నెట్టేదాన్ని బాబూ అంది. వాడితో అంది, నాతో కాదు. మర్నాడు నాకన్నా ముందొచ్చి షాపు ముందు కూర్చున్నాడు.

ఆ కుర్రాడికి నేను ఆశయం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మీ పిల్లాడికి అట్లాంటి తలుపు ఒకటి చూపించండి సారూ.

సూటిమాట · రాత్రి 10:02

మేస్త్రీ గారూ మీరు రాసింది బాగుంది. కానీ మీరు వాణ్ణి ఇంట్లోంచి లేపి తీసుకెళ్ళారు కదా? అదే నేనంటున్నది.

చాక్‌పీస్_టీచర్ · రాత్రి 10:20

సూటిమాట గారూ, దీంతో నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ కుక్కల కథకి రెండో సగం ఉంది, నేను రాయలేదు. పడుకుండిపోయిన కుక్కల్ని ఎలా లేపారో తెలుసా? మెడకి పట్టీ కట్టి మనిషి స్వయంగా అడ్డు దాటించి అవతలికి లాగాడు. ఒకసారి చాల్లేదు, మళ్ళీ మళ్ళీ లాగాల్సొచ్చింది. మొదట్లో బరువుగా ఉన్న కుక్క రాన్రాను తేలికైంది, చివరికి తనంతట తనే దూకింది. కాబట్టి లాగడం అవసరమే. కాకపోతే అడ్డుకి అవతల నిలబడి దూకరా అని అరవడం వేరు, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని దాటించడం వేరు. మనం ఎక్కువమందిమి మొదటిది చేసి రెండోది చేశామనుకుంటాం. నేనూ ఎన్నో ఏళ్ళు అదే చేశాను తరగతిలో.

బండి కొనిస్తానన్నాననే మాట కూడా ఉంది కదా నాన్నగారూ. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలేయడం ఇష్టమున్న పిల్లల్నే తీసుకుని కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలివ్వలేదు. కొన్నాళ్ళకి రంగు పెన్నులు ఊరికే అందుబాటులో పెడితే, ముందే బహుమతి ఒప్పందం చేసుకున్న పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగం సేపే వేశారు. అందుకని జీతం ఇవ్వొద్దని కాదు, పనికి డబ్బు రావాల్సిందే. కానీ లోపల ఉన్న ఇష్టానికి బయటనుంచి బేరం పెడితే అది అలుగుతుంది.

ఎదురుచూపు · రాత్రి 11:15

బహుమతి సంగతి వచ్చింది కాబట్టి నాది ఒక బాధ చెప్పుకుంటా. మిఠాయి ప్రయోగం గురించి అందరూ వినే ఉంటారు, వాల్టర్ మిషెల్‌ది, పిల్లాడి ముందు ఒక మిఠాయి పెట్టి కాసేపు ఆగితే రెండు ఇస్తాననడం, ఆగినవాళ్ళు తర్వాత జీవితంలో బాగుపడ్డారని చెప్పడం. దాన్ని చూపించి మా చిన్నప్పుడు ఎన్ని ఉపన్యాసాలు చెప్పారో, నిగ్రహం లేదు మీకు అని. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్ళీ చూస్తే ఆ సంబంధం చాలా తగ్గింది, ఇంటి పరిస్థితుల్ని లెక్కలోకి తీసుకుంటే ఇంకా తగ్గింది.

నాకు బాగా నచ్చింది 2013 నాటిది. సెలెస్ట్ కిడ్, ఆమెతోటివాళ్ళు చేశారు. మిఠాయికి ముందే పిల్లాడికి ఇంకో మాట ఇస్తారు, కాసేపాగు, మంచి రంగులు తెస్తా అని. సగంమందికి నిజంగా తెచ్చారు. సగంమందికి వట్టి చేతులతో వచ్చి రంగులు లేవమ్మా అన్నారు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు.

ఆ మూడు నిమిషాల పిల్లల్ని నేను. పది బాగా చదువు చాలు అన్నారు, తర్వాత ఇంటర్ చాలు అన్నారు, తర్వాత డిగ్రీ వస్తే చాలు అన్నారు, ప్రతిసారీ వట్టి చేతులతోనే వచ్చారు. మీరు అబద్ధం చెప్పారని అనను, మీ కాలంలో అది నిజమే అయ్యుంటుంది. కానీ ఇంకో అయిదేళ్ళు కష్టపడు అంతా బాగుంటుంది అంటే ఇప్పుడు మా మనసు ఎందుకు ఆగుతుంది? చైనాలో 2021లో కుర్రాళ్ళు పడుకుండిపోదాం అని ఒక మాట పుట్టించారు, అది ఎందుకంత వేగంగా పాకిందో నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళకి నాదొకటే విన్నపం. మీ పిల్లలకి ఒక చిన్న మాట ఇచ్చి అది నిలబెట్టుకోండి. పెద్దవి వద్దు.

చెట్టునీడ · రాత్రి 11:50

ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను, కొన్నాళ్ళు ఊరికే ఉండటం తప్పా? ఎరిక్ ఎరిక్సన్ అని మనిషి ఎదుగుదల మీద రాసినాయన, వయసొచ్చే పిల్లలకి బాధ్యతలు మీద పడకుండా నేనెవరు అని వెతుక్కోడానికి కొంత గడువు కావాలని చెప్పాడు. నేను 23లో ఏడాది ఏమీ చెయ్యలేదు. పుస్తకాలు చదివా, నడిచా, నిద్రపోయా. ఆ ఏడాది లేకపోతే ఇవాళ చేస్తున్న పనికి వచ్చేవాణ్ణి కాదు. ఇంట్లోవాళ్ళు నన్ను నమ్మి వదిలేశారు, అది నా అదృష్టం. విశ్రాంతి తీసుకున్నవాడు లేచేసరికి తేలిగ్గా ఉంటాడు, గోడవైపు తమ్ముడు చెప్పినట్టు పడుకున్నవాడు లేచేసరికి ఇంకా బరువెక్కుతాడు. మీ అబ్బాయిది ఏదో మీరే చూసి తెలుసుకోవాలి సార్, బయటివాళ్ళం చెప్పలేం.

సూటిమాట · మరునాడు ఉదయం 7:05

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఈ చర్చలో ఒకటి రాసి ఇంకోటి దాచినట్టు అనిపించింది. నాన్న డబ్బులాపాడు, వారంలో పనిలో చేరా అని రాశా కదా. ఆ వారంలో ఏం జరిగిందో రాయలేదు. మా చిన్నాన్న వచ్చాడు. ఏమీ అడగలేదు. చొక్కా వేసుకో, పద అన్నాడు. ఆయనకి తెలిసిన ప్రింటింగ్ ప్రెస్‌కి తీసుకెళ్ళి, వీడికి లెక్కలు బాగా వచ్చు అని ఓనరుకి చెప్పాడు. నాకు లెక్కలు బాగా వచ్చని ఆయనకి ఎట్లా తెలుసో నాకిప్పటికీ తెలీదు, మా ఇంట్లో ఎవరూ ఆ మాట ఎప్పుడూ అనలేదు. మొదటి మూడు రోజులు పొద్దున్నే వచ్చి నన్ను దింపి వెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళుగా మా నాన్న కఠినంగా ఉండబట్టి బాగుపడ్డానని అందరికీ చెప్తున్నా. చిన్నాన్న పోయి ఆరేళ్ళైంది.

పొద్దున్నే లేవడం, టైముకి పడుకోవడం ఉండాలని ఇప్పటికీ అంటా. డబ్బులాపమన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నా అన్నా.

గోడవైపు · ఉదయం 7:40

సూటిమాట అన్నా, ఇది రాసినందుకు థాంక్స్. నన్ను లేపింది మా ఫ్రెండ్. వాళ్ళ తమ్ముడికి కెమిస్ట్రీ అర్థం కావట్లేదు రా, రోజూ సాయంత్రం అయిదింటికి వస్తాడు, చెప్పు అన్నాడు. వస్తాడా అని అడగలేదు, వస్తాడు అని చెప్పాడు. నాలుగున్నరకి లేచి మొహం కడుక్కోవాల్సొచ్చేది. అంతే మొదలు.

నిద్రపట్టని_నాన్న · 23 రోజుల తర్వాత, రాత్రి 10:15

అందరికీ మళ్ళీ నమస్కారం. ఆరోజు మేస్త్రీ గారు రాసింది చదివాక వారం రోజులు ఆలోచించా, వాడికి ఏ తలుపు చూపించాలా అని. ఒక రాత్రి ఒంటిగంటకి వాడి గది తలుపు కొట్టా. ఏం చేద్దామనుకుంటున్నావ్ అనే మాట నోటిదాకా వచ్చింది, మింగేశా. ఏం చేస్తున్నావ్ రా, నాకూ చూపిస్తావా అన్నా. కాసేపు నావైపు అనుమానంగా చూశాడు. తర్వాత కుర్చీ జరిపాడు.

వాడు చేసేది ఏంటంటే, ఎవరెవరో తెలియనివాళ్ళు రికార్డు చేసుకున్న మాటల్లో గోల తీసేసి పంపిస్తాడట, ఊరికే, ఒక గ్రూపులో. మాటలు మొదలవ్వకముందు రెండు సెకన్లు ఖాళీ ఉంటుంది కదా, అక్కడ మనకి నిశ్శబ్దం అనిపిస్తుంది కానీ ఫ్యాను మోత ఉంటుందట. ఆ ముక్కని పట్టుకుని కంప్యూటరుకి ఇదీ గోల అని చూపిస్తే మిగతా అంతట్లోంచి దాన్ని తీసేస్తుంది. ఎక్కువ తీస్తే మనిషి గొంతు నీళ్ళలోంచి మాట్లాడినట్టు అవుతుందట, అందుకని కొంచెం గోల ఉంచాలట. హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టి ముందుది, తర్వాతది రెండూ వినిపించాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు. నాకు సగం అర్థమైంది. ఏడాదిలో నాతో అన్ని మాటలు మాట్లాడలేదు వాడు.

మా ఆఫీసులో కొత్తవాళ్ళకి వినిపించే శిక్షణ ఆడియోలు తొమ్మిది ఉన్నాయి, ఒక్కటీ సరిగా వినపడదు, ఏళ్ళతరబడి అందరం విసుక్కుంటూ వింటున్నాం. ఆఫీసులో అడిగి అనుమతి తీసుకున్నాకే వాటిని తెచ్చి వాడికిచ్చా, నీకు వీలుంటే చూడు, నాకు నిజంగా కావాలి అన్నా. నాలుగు రోజుల్లో ఇచ్చాడు. రెండోదాంట్లో ఒకచోట మాట కోతపడిందని నేను చెప్తే కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నా, ఎక్కడ ఎక్కడ అని పరిగెత్తుకొచ్చాడు. ఆఫీసులో డబ్బిచ్చారు, తక్కువే. బండి సంగతి మళ్ళీ ఎత్తలేదు నేను.

ఉద్యోగం ఇంకా లేదు. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి లేచాడు. నేనేమీ అడగలేదు.

చిత్రిక · రాత్రి 10:40

కొంచెం గోల ఉంచాలి అన్నాడా? పని పట్టుబడింది సారూ వాడికి. మా దగ్గర కూడా మరీ నున్నగా చేస్తే రంగు పట్టదు.

గోడవైపు · రాత్రి 11:05

అంకుల్ ఒకటి అడగొచ్చా. నేను కెమిస్ట్రీ చెప్పేది ఇప్పుడు ఆరుగురికి అయింది, రానివాళ్ళకోసం పాఠాలు ఫోన్లో రికార్డు చేస్తున్నా. నా గదిలో ఫ్యాను బాగా మోత. పిల్లలు చాలాచోట్ల వినపడట్లేదంటున్నారు. మీ అబ్బాయి దగ్గర టైముంటే పంపొచ్చా?

నిద్రపట్టని_నాన్న · రాత్రి 11:12

లేచే ఉన్నాడు, ఇప్పుడే వెళ్ళి అడిగాను. పంపమన్నాడు. మాట్లాడటం మొదలుపెట్టే ముందు రెండు సెకన్లు ఊరికే ఉండమని చెప్పమన్నాడు.